ఇల్లే కార్ఖానా అయినచోట

పనిచేసే చోట క్షయ వ్యాపించకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పేవారి దృష్టిలో సాధారణంగా ఆఫీసులు, మిల్లులు ఉంటాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో బీడీలు చుట్టే పేద ముస్లిం స్త్రీలకు పనిచేసే చోటంటే వండుకొని, పిల్లలను పడుకోబెట్టుకొనే గదే. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. గాలికి తంబాకు ఎగిరిపోతుందని కిటికీ మూస్తారు, వీధికి కనబడకుండా గుమ్మానికి పరదా వేస్తారు. ఆ గదిలో ఒక్కరికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నా అత్తా, కోడలూ, పసిపిల్లలూ గంటల తరబడి ఆ గాలినే పీలుస్తారు.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. కాని గాలి, వెలుతురు కల్పించవలసిన ‘పారిశ్రామిక ఆవరణ’ నిర్వచనం నుండి నివాసగృహాన్ని మినహాయించింది. లాభం కంపెనీది, కిటికీ బాధ్యత కార్మికురాలిది!

తంబాకు దుమ్ముకు దగ్గు మామూలేనని రెండు వారాలు దాటినా ఊరుకుంటారు. నిజానికి దాని వెనుక ఉన్నది భయం. తెలిస్తే ఠేకేదారు ఆకు ఇవ్వడేమో, ఇంట్లో ఆడపిల్లకు సంబంధం తప్పిపోతుందేమో! ఇలా దాచిన జబ్బే ఇంటిల్లిపాదికీ అంటుతోంది. మందులు సక్రమంగా వాడితే సాధారణంగా కొద్ది వారాలలోనే అంటించే గుణం తగ్గిపోతుంది. క్షయ గాలి ద్వారా వ్యాపించేదే కనుక రోగి కంచం, గ్లాసు వేరుచేయడం అవమానించడమే తప్ప నివారణ కాదు.

ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష, మందులు ఉచితం. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషకాహార సాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలైంది. ఇంట్లోని తక్కినవారికి కూడా పరీక్ష చేసి, అవసరమైతే నివారణ మందులిస్తారు. రంజాన్ రాగానే పగటి మాత్ర మానేసేవారున్నారు. రోగికి రోజా విషయంలో ఖురానే వెసులుబాటు ఇచ్చిందన్న సంగతిని ఇమాములు జుమా నాడు చెబితే మా సంపాదకీయాలకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

కంపెనీలను మేము కోరేది రెండే. బీడీలు అప్పగించే చోటనే ఆరోగ్యశాఖ సిబ్బంది పరీక్షలు జరిపేందుకు వీలు కల్పించాలి. చికిత్స పొందుతున్న స్త్రీ పేరును రిజిస్టరు నుండి కొట్టివేయబోమనీ, కోలుకొని వచ్చిన నాడు ఆమె ఆకు ఆమెకే ఇస్తామనీ ఠేకేదారులందరి చేత రాయించి, ఆ కాగితాన్ని కార్ఖానా గోడకు తెలుగులోనూ ఉర్దూలోనూ అంటించాలి.