రింగులు తిరిగే గతం

హైస్కూలు పిల్లలు రాసిన కథానికలు ఒక కట్ట ముందు వేసుకుని చదవండి. చాలావాటిలో మొదటి పేరాలోనే కథానాయకుడు పడక కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటాడు. అతని మనసు గతంలోకి పరుగులు తీస్తుంది. ఇక అంతే! ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకునేది ఆఖరి వాక్యంలో, అదీ అమ్మ కాఫీ తెచ్చి పిలిస్తేనే. తెరమీద రింగులు తిప్పే సినిమాల పుణ్యమా అని అబ్బిన విద్య ఇది.

అలాగని వెనకటి కథను మధ్యలో చెప్పడం తప్పేమీ కాదు, మనకు కొత్తా కాదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం' కథను వరుసగా చెప్పక, ముందు జరిగినదాన్ని తరువాత పాత్రల నోట చెప్పించాడు. సినిమా కావాలంటే 1964లో వచ్చిన 'మూగమనసులు' ఉంది. గోదావరి మీద పడవలో వెళ్తున్న కొత్త దంపతులకు ఏదో పూర్వజన్మ వాసన తగులుతుంది. అదేమిటో తెలుసుకోవాలని మనకు ఆత్రం పుట్టాకే పాత కథ మొదలవుతుంది. పిల్లల కథల్లో లోపించేది ఈ ఆత్రమే. అడగనివాడికి జవాబు చెప్పినట్లుంటుంది.

ఒక అమ్మాయి పోయిన తాతయ్య గురించి రాయాలనుకుంది అనుకోండి. 'తాతయ్య పోయి ఏడాదయింది' అని మొదలుపెట్టి నాలుగు పేజీల జ్ఞాపకాలు రాస్తే, అవి ఎంత నిజమైనవైనా పై వాళ్ళకు అంటవు. అలాకాక, మామ్మ ఇప్పటికీ సాయంత్రం అయిదింటికి రెండు గ్లాసుల కాఫీ కలుపుతుందనీ, ఒకటి తాగి, రెండోది చల్లారాక పారబోస్తుందనీ రాసిందనుకోండి. ఎందుకు? ఇప్పుడు నాలుగు వాక్యాల గతం చాలు. ఆ వేళకు తాతయ్య వీధి అరుగు మీద పేపరు మడిచి పక్కన పెట్టి, చెయ్యి చాపేవారు. అక్కణ్ణించి వెనక్కి వచ్చాక, మనుమరాలు ఆ రెండో గ్లాసు అందుకుంటుందా లేదా అన్నది కథ. గతం వచ్చి ఈనాటి దాన్ని ఏదో ఒకటి కదపకపోతే దాన్ని పిలిచి లాభమేమిటి?

ఇంకో చిక్కు భాషతో. గతానికి ముందరి గతం చెప్పడానికి ఇంగ్లీషు పాఠంలో ఒక ప్రత్యేకమైన క్రియారూపం నేర్పుతారు. దాన్ని తెలుగులోకి లాక్కొచ్చి 'వెళ్ళి ఉండెను, చెప్పి ఉండెను' అని రాస్తే ప్రతి వాక్యమూ కుంటుతుంది. మనకా అవస్థ అక్కర్లేదు. 'ఆ ఏడు సంక్రాంతికి' అన్న ఒక్క మాటతో తలుపు తెరుచుకుంటుంది. 'వచ్చేవారు, అడిగేవారు, నవ్వేవారు' అని రోజూ జరిగేది రెండు ముక్కల్లో చెప్పి, 'ఒకనాడు మాత్రం రాలేదు' అని మామూలు భూతకాలంలోకి దిగితే సరి. తిరిగి వచ్చేటప్పుడు దండోరా వెయ్యనక్కర్లేదు. చల్లారిన గ్లాసు కనబడితే చాలు.

మీ ఇంట్లో కథలు రాసే పిల్లలుంటే ఒక పని చేసి చూడండి. గతం చెప్పిన పేరా మీద ఒక కాగితం కప్పి, తక్కినది వాళ్ళచేతే పైకి చదివించండి. ఏ వెలితీ తోచకపోతే ఆ పేరా తీసెయ్యవచ్చు. వాళ్ళు ఒక పట్టాన ఒప్పుకోరు. దానిమీదే ఎక్కువ కష్టపడి ఉంటారు మరి. తీసేసిన కాగితాన్ని మాత్రం చింపనివ్వకండి. తాతయ్య సంగతులన్నీ అందులోనే ఉన్నాయి, వేరే నోటుబుక్కులో అంటించి దాచుకోమనండి.