మనిషి కువైట్‌లో... సిమ్ము ఎవరి చేతిలో?

విదేశానికి బయలుదేరే ఆడమనిషి పెట్టెలో ఏమేం సర్దుకుంటుందో మనందరికీ తెలుసు. ఊరగాయ, పసుపు కుంకుమ, పిల్లల ఫొటో, నాలుగు జతల బట్టలు. పాస్‌పోర్టు, వీసా కాగితాలైతే చేతిసంచిలో మరీ భద్రం. కానీ ఆ హడావుడిలో ఎవరూ పట్టించుకోని వస్తువొకటుంది. గోరంత సిమ్‌కార్డు. 'ఆడికి పోయినాక ఆ దేశం సిమ్ము తీసుకుంటా గదా, ఇది ఇంట్లోనే ఉండనీలే' అని మొగుడి చేతిలోనో, తమ్ముడి చేతిలోనో పెట్టి విమానం ఎక్కేస్తారు.

అదేమంత పెద్ద విషయమా అంటారా? ఈ రోజుల్లో పెద్ద విషయమే.

తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో ఉన్న వడమాలపేటనే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేదాకా ఇది చిత్తూరు జిల్లా మండలం. ఇదే రోడ్డు పట్టుకుని ముందుకు పోతే చెన్నై. అక్కడ విమానం ఎక్కితే కువైట్, దుబాయ్, సింగపూర్, అమెరికా. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళ సంగతి రాయలసీమలో తెలియనిదెవరికి? మరోపక్క తిరుపతి కాలేజీల్లో చదివి అమెరికా, ఆస్ట్రేలియా చేరిన అమ్మాయిలున్నారు. ఒకరు షేక్ ఇంట్లో వంట చేస్తారు, ఇంకొకరు కంప్యూటర్ ముందు కూర్చుంటారు. బతుకులు వేరు. ఊళ్ళో వదిలిపోయిన ఫోను నంబరు తెచ్చే చిక్కు మాత్రం ఇద్దరికీ ఒకటే.

పి.పి. నంబరు రోజులు

ముప్పై ఏళ్ళ కిందట మన పల్లెల్లో ఎంతమందికి సొంత నంబరు ఉండేది? కువైట్‌లో ఉన్న మనిషికి ఉత్తరం రాసేటప్పుడు అంగడాయన నంబరో, వీధి చివరి మాస్టారి నంబరో రాసి పక్కన 'పి.పి.' అని పెట్టేవాళ్ళం. ఫోను వచ్చిందని పిల్లాడు పరిగెత్తుకొచ్చి చెబితే చేతిలో పని వదిలేసి పోవడం, పదిమంది వింటుండగా రెండు ముక్కలు మాట్లాడటం. చెప్పాల్సిందంతా క్యాసెట్టులో రికార్డు చేసి, పోయేవారి చేత పంపిన ఇళ్ళూ ఉన్నాయి.

మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నంబరంటే మాట్లాడుకోవడానికే. పోతే పోయింది, ఇంకోటి తీసుకుంటే సరి.

ఆ లెక్క మెల్లగా మారింది. కార్డుతో ఇంటర్నెట్‌లో సొమ్ము కట్టాలంటే రెండో పరీక్ష తప్పనిసరని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నియమం పెట్టింది. ఆ రెండో పరీక్ష కాలక్రమంలో మన ఫోనుకు వచ్చే ఓటీపీగా స్థిరపడింది. ఆధార్‌కు నంబరు కలిసింది. 2016లో యూపీఐ వచ్చింది. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో సేవలను వాట్సాప్‌లోకే తెచ్చింది. బ్యాంకు ఖాతా, ఆధార్, బంగారు లోను కబురు, ప్రభుత్వ పథకం... అన్నిటికీ ఆ పది అంకెలే వాకిలి.

తాళంచెవి ఎవరి బొడ్లో?

మన అవ్వలు, అత్తలు బీరువా తాళంచెవులు బొడ్లో దోపుకొని తిరిగేవారు. ఇంటి పెత్తనం ఎవరిదో ఆ గుత్తి చెప్పేది. ఇప్పుడు ఆ తాళంచెవి సిమ్‌కార్డే. మనిషి కువైట్‌లో, తాళంచెవి వడమాలపేటలో ఉంటే ఆ బీరువా ఎవరిదైనట్టు?

కాస్త ఆలోచించండి. రెండేళ్ళు కష్టపడి ఆమె పంపిన డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది. పాస్‌బుక్కు మీద పేరు ఆమెదే. కానీ ఏటీఎం కార్డు, సిమ్ము ఇంట్లోనే ఉన్నాయి. ఖాతాలో ఎంత పడిందో, ఎంత తీశారో చెప్పే మెసేజీ ఆమెకు రాదు. ఆమె పేరుతో ఓటీపీ కావాల్సిన పని ఏదైనా, ఆమెకు తెలియకుండానే జరిగిపోవచ్చు. అటువైపు బ్యాంకుకు కనిపించేది ఒక్కటే: 'ఖాతాదారు నంబరుకు ఓటీపీ పంపాం, సరైన ఓటీపీ వచ్చింది.' అంతే! వేలిముద్ర పడినట్టే లెక్క.

'ఏం, కట్టుకున్నవాడిని నమ్మకూడదా? తోడబుట్టినవాడిని అనుమానించాలా?' అని అడుగుతారు. నిజమే, ఎక్కువ ఇళ్ళలో మోసం ఉండదు. ఆమె పంపిన డబ్బుతోనే పిల్లల ఫీజులు, ఇంటి కప్పు, అత్త మందులు నడుస్తాయి. కానీ నమ్మకం వేరు, లెక్క వేరు. ఎంత మంచి సంసారమైనా తన ఖాతాలో ఏముందో తెలుసుకునే హక్కు సంపాదించిన మనిషికి ఉండాలి కదా! మాట తేడా వచ్చిన రోజున 'నా డబ్బులు చూపించు' అని తన డబ్బు కోసం తనే బతిమాలుకునే స్థితి రాకూడదు.

ఇంకో తిరకాసు. చాలా ఇళ్ళలో ఆమె వాడే సిమ్ము ఆమె పేరున ఉండదు. ఎప్పుడో ఆయన ఆధార్‌తో తీసినదో, కొడుకు పేరున తీసినదో ఉంటుంది. అప్పుడు చట్టం దృష్టిలో ఆ నంబరు ఆమెది కాదు. డూప్లికేటు సిమ్ము తీసుకోవాలన్నా, కంపెనీ మార్చాలన్నా పేరున్న మనిషిదే అధికారం.

నంబరు ఎలా చస్తుంది?

సిమ్ము దగ్గరున్నా నంబరు పోవచ్చు. ట్రాయ్ 2013లో తెచ్చిన నియమం ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే ఆపాలి. ఖాతాలో 20 రూపాయలు గానీ అంతకు మించి గానీ నిల్వ ఉంటే ఆపకూడదు. 20 రూపాయలు కోసుకుని మరో 30 రోజులు పొడిగిస్తారు. ఒకవేళ ఆపేసినా 15 రోజుల లోపల అడిగితే తిరిగి ఇవ్వాలి. ఇది వినియోగదారుకు మేలైన నియమమే.

అయితే ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి: కాల్ చేసినా, కాల్ వచ్చినా, మెసేజీ పంపినా, నెట్ వాడినా వాడకం కిందికి వస్తుంది గానీ, ఉత్తినే మెసేజీలు వచ్చి పడినంత మాత్రాన వాడినట్టు కాదు. రెండోది: నంబరు బతికుండటం వేరు, దానికి ఓటీపీ రావడం వేరు. ప్లాను గడువు దాటితే మొదట మనం చేసే కాల్స్, తర్వాత మనకు వచ్చేవీ ఆగిపోతాయి. నంబరు పేరుకు ఉంటుంది, పనికి రాదు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక 'ఊరికే పడివుండే సిమ్ముకు నెలనెలా అంత డబ్బా?' అని రీచార్జి మానేసిన ఇళ్ళున్నాయి. నెట్ అక్కర్లేని వారికి కాల్స్, మెసేజీలకు మాత్రమే ప్లానులు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అలాంటి ప్లాను ఏడాది గడువుదాకా ఉండవచ్చంది. అంగట్లో అడిగితే తప్ప ఆ ప్లాను పేరు చెప్పరు కాబట్టి అడగడం మన పని.

చచ్చిన నంబరు ఊరికే ఉండదు, ఇంకొకరికి పోతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ నవంబరులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, మన మదనపల్లెలో పుట్టిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ఉన్న ధర్మాసనం, పాత నంబరులోని వాట్సాప్ సమాచారాన్ని తీసేసుకునే జాగ్రత్త వినియోగదారుదేనంది. అంటే మూడు నెలలు దాటాక మన ఖాతా కబుర్లు ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగవచ్చు. ఇలాంటి నంబర్ల జాబితాను వారానికొకసారైనా సరిచూసుకోవాలని 2025లో బ్యాంకులకు, యూపీఐ యాప్‌లకు ఆదేశాలు వచ్చాయి. దాని వల్ల మోసం తగ్గుతుంది. అయితే మన యూపీఐ కూడా ఆగిపోతుంది.

పది దేశాల్లో కువైట్ లేదు

'విదేశీ నంబరునే బ్యాంకుకు ఇచ్చేస్తే సరిపోదా?' అనే ప్రశ్న న్యాయమైనదే. ఎన్నారై ఖాతాలకు చాలా బ్యాంకులు విదేశీ నంబరు తీసుకుంటాయి. విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలును 2023 జనవరిలో పది దేశాలవారికి ప్రకటించారు. అవి సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, అమెరికా, సౌదీ అరేబియా, యూఏఈ, బ్రిటన్. మన సీమ ఆడవాళ్ళు ఎక్కువగా పోయే కువైట్ ఆ తొలి జాబితాలో లేదు! ఆధార్ సంగతీ అంతే. విదేశీ నంబరు ఇచ్చే ఎన్నారైలకు మెసేజీలు పంపబోమని 2024 నాటి నియమాల్లోనే ఉంది. వారికి ఈ-మెయిల్ తప్పనిసరి చేశారు. ఈ-మెయిల్ ఉన్న ఇంజనీరు అమ్మాయికి ఇబ్బంది లేదు. ఇంటిపనికి పోయిన అక్కకు మాత్రం ఊరి నంబరే దిక్కు.

అమ్మకు అప్పగిస్తే?

అమెరికా అమ్మాయిల ఇళ్ళలో సిమ్ము అమ్మ దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి ఫోను చేసి 'అమ్మా, ఓటీపీ వచ్చిందా, చదువు' అంటుంది కూతురు. నిద్రకళ్ళతో కళ్ళద్దాలు వెతుక్కుని అమ్మ చదువుతుంది. నాలుగుసార్లు ఇలా జరిగాక ఫోనులో ఓటీపీ చెప్పడం ఆ తల్లికి మామూలు పనైపోతుంది. ఐదోసారి 'మీ అమ్మాయి ఖాతా బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం' అని ఎవడో అడిగితే? అలవాటైన నోరు చెప్పేస్తుంది. ప్రేమతో అప్పగించిన సిమ్ము ఆ తల్లి నెత్తిన బరువవుతోంది. పోతే కూతురి డబ్బు, మాట పడేది అమ్మ! డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలన్న సంగతైనా అమ్మలకు చెప్పి ఉంచండి.

ఏలికలు చేయాల్సింది

తప్పంతా ఆడవాళ్ళ అజాగ్రత్తేనా? కాదు. ఒక మనిషి ఉనికి మొత్తాన్ని కంపెనీ ఇచ్చే నంబరుకు కట్టేయడంలోనే లోపముంది. సింగపూర్ బ్యాంకులు 2024లోనే మెసేజీ ఓటీపీ నుంచి యాప్ వైపు మళ్ళడం మొదలుపెట్టాయి. మన రిజర్వు బ్యాంకు కూడా 2025 సెప్టెంబరులో కొత్త మార్గదర్శకాలిచ్చి, మెసేజీ ఒక్కటే కాక వేరే పద్ధతులకూ దారి తెరిచింది. అవి 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా పెట్టింది. దారైతే తెరిచారు, అందులో చదువు తక్కువైన మనిషి నడవగలదా అన్నదే చూడాలి.

ఇంటిపనికి మహిళలను పంపేందుకు కేంద్రం గుర్తించిన ప్రభుత్వ ఏజెన్సీల్లో మన రాష్ట్రపు ఓంకాప్ ఒకటి. పోయేవారికి ప్రయాణానికి ముందు శిక్షణ ఇచ్చే ఏర్పాటూ ఉంది. అందులో ఒక్క గంట సిమ్ముకూ బ్యాంకు ఖాతాకూ కేటాయించి, రోమింగ్ ఎలా పెట్టుకోవాలో చేతిలో ఫోను పెట్టి చూపిస్తే ఎంత మేలు! డ్వాక్రా సంఘాల సమావేశాల్లోనూ ఈ మాట రావాలి. కువైట్‌కు పోయేది ఆ సంఘాల్లోని ఆడవాళ్ళే కదా.

బయలుదేరే ముందు

నంబరు మీ పేరున ఉందో లేదో చూసుకోండి. మీ పేరున ఎన్ని సిమ్ములున్నాయో కేంద్ర ప్రభుత్వపు 'సంచార్ సాథీ'లో తెలుస్తుంది. లేకపోతే ఊళ్ళో ఉండగానే మీ పేరుకు మార్పించుకోండి. ఒకసారి విమానం ఎక్కాక ఆ పని చాలా కష్టం.

రెండు సిమ్ములు పట్టే ఫోను కొనుక్కోండి. ఒకదాంట్లో ఆ దేశం సిమ్ము, రెండోదాంట్లో మన సిమ్ము. అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడే పెట్టించుకోండి. మెసేజీ వస్తే చార్జీ ఉందా, కాల్ ఎత్తితే ఎంత అన్నది కంపెనీని ముందే అడగండి. మెసేజీలకు సాధారణంగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే మోత మోగుతుంది.

ఖాతాను ఎన్నారై ఖాతాగా మార్చమని బ్యాంకులో అడగండి. విదేశంలో స్థిరంగా పనికి పోయినవారు మామూలు పొదుపు ఖాతా అలాగే నడపకూడదన్నది చట్టం. మీరున్న దేశం నంబరు తీసుకుంటారేమో అప్పుడే అడగవచ్చు. రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతా నిద్రాణమవుతుందనీ గుర్తుంచుకోండి.

ఇంటి ఖర్చుకు మొగుడి ఖాతాకో, అత్త ఖాతాకో ఇంత అని విడిగా పంపండి. మీ ఖాతా, మీ సిమ్ము మీ దగ్గరే ఉంచుకోండి. ఇంట్లో ఎవరైనా నొచ్చుకుంటే నిదానంగా చెప్పండి: 'నీ మీద నమ్మకం లేక కాదు, ఆడ నా చేతిలో నాదంటూ ఒకటి ఉండాల గదా!'

కొన్ని ఇళ్ళలో యజమానులు ఫోను వాడనివ్వరు. అలాంటి చోట వారానికోసారి దొరికే ఆ పది నిమిషాల్లోనే నంబరు బతికుందో లేదో చూసుకోవాలి. కడుపు కట్టుకుని సముద్రం దాటిన ఆడమనిషి సంపాదన ఎవరి ఫోనులోనో మోగకూడదు. ఆమె చేతిలోనే మోగాలి.