బండికి అదనపు ముల్లు

నామక్కల్ లారీలకు పేరుపడిన ఊరు. ఆ చుట్టుపట్ల లారీని నమ్ముకొని బ్రతికే మన తెలుగు కుటుంబాలు కూడ ఉన్నవి. బండిలో ఉన్న మీటర్లకు తోడు ఇంకొకటి పెట్టించుట డబ్బు దండగా, అవసరమా అన్న ప్రశ్న ఆ ఇండ్లలో వినబడుతూనే ఉంటుంది. అవసరమే అంటాము. అయితే సంగతి తెలిసికొని పెట్టించవలెను.

చాలా బండ్లలో ఆయిలు ప్రెషరుకు ఎర్రదీపం ఒక్కటే ఉంటుంది. ప్రెషరు బాగా పడిపోయిన తరువాత గాని అది వెలగదు. అప్పటికి బేరింగులు అరగడం మొదలై ఉండవచ్చును. ముల్లు గల మీటరు అట్లా కాదు. తగ్గుదలను ముందుగానే చూపిస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ప్రెషరు ఎక్కువగా, వేడెక్కినపుడు తక్కువగా ఉండుట సహజం. కనుక వేడి మీది లెక్కను వేడి మీది లెక్కతోనే పోల్చుకోవలెను. నిన్న 4 దగ్గర నిలిచిన ముల్లు ఇవాళ అదే వేడిలో, అదే వేగంలో 3 దగ్గర నిలిస్తే మెకానిక్కుకు చూపించవలసినదే.

ఈ మీటర్లు రెండు రకాలు. మొదటి దానిలో సన్నని గొట్టం గుండా ఆయిలే మీటరు దాకా వస్తుంది. లోపల వంపు తిరిగిన గొట్టం ఒత్తిడికి కొంచెం విచ్చుకొని ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు యూజీన్ బూర్డాన్ 1849లో దీనికి పేటెంటు పొందాడు. దీనికి కరెంటు అక్కరలేదు. కాని గొట్టం చిట్లితే మరిగే ఆయిలు డ్రైవరు కాళ్ళ మీద పడగలదు. రెండవది కరెంటు మీటరు. ఇంజను దగ్గర సెన్సారు, డాష్‌బోర్డులో ముల్లు, నడుమ తీగె. సెన్సారు, మీటరు ఒక జతవి కాకుంటే ముల్లు అబద్ధం చెబుతుంది.

బిగించేటప్పుడు పాత దీపాన్ని తీసివేయరాదు. టీ జాయింటు వేసి దాని స్విచ్చిని, కొత్త సెన్సారును రెండింటినీ ఉంచవలెను. ఒకే తీగె గల సెన్సారు మరకు టేపు దట్టంగా చుడితే బాడీ ఎర్తు సరిగా అందదు. మీటరుకు కరెంటు చిన్న ఫ్యూజు ద్వారా రావలెను. రేకు రంధ్రంలో తీగె ఒరుసుకొనకుండ రబ్బరు బుష్ వేయించండి. కంప్యూటరు గల కొత్త బండ్లలో కంపెనీ వైరింగును కోయకండి. ముందుగా వారంటీ సంగతి విచారించండి. మీటరు డ్రైవరు కంటికి ఆనవలెను గాని రోడ్డుకు అడ్డం రాకూడదు.

వేడి మీటరును గూర్చి ఒక హెచ్చరిక. రేడియేటరు నీళ్ళు పూర్తిగా కారిపోతే సెన్సారుకు నీరు తగలదు. ఇంజను మాడుతున్నా ముల్లు దిగిపోవచ్చును. ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించక బండిని ఆపవలెను. మూత మాత్రం వేడి మీద తీయరాదు.

ఇక అసలు మాట. లోడుతో సేలం నుండి ధర్మపురి వైపు తొప్పూరు కనుమ ఎక్కే డ్రైవరు, ముల్లు చూచి బండి ఆపి యజమానికి ఫోను చేశాడనుకొందాము. ఆలస్యమైనదని యజమాని కేకలు వేసి, బత్తాలో కోత పెడితే ఏమగును? మరుసారి ఆ డ్రైవరు ముల్లు వైపు చూడడు. చూచినా ఆపడు. మీటరు ఖర్చు అప్పుడు నిజంగా దండగే.

ఆఫీసులో లెక్కలు వ్రాసే మాకు తెలిసినంతలో, ఆలస్యపు నష్టం ఆ ట్రిప్పుతో తీరిపోతుంది. కాలిన ఇంజను అప్పు మాత్రం పిల్లల చదువుల దాకా వస్తుంది. కాబట్టి మీటరు బిగించిన నాడే డ్రైవరును పిలిచి, "ముల్లు ఈ గీత దాటితే బండి ఆపెయ్యి నాయనా, ఆలస్యానికి నాదే పూచీ" అని చెప్పండి. ఆ మాట నిలుపుకొనండి.