శుభ్రానికి వాసన ఉండదు

ఉగాది వస్తోందంటే మన ఇళ్ళల్లో బూజు దులపడాలు, వంటిల్లు కడగడాలు మొదలవుతాయి. సముద్రాలు దాటి అమెరికా వచ్చినా ఈ అలవాటు మనల్ని వదల్లేదు. సంతోషమే. కాని ఆ కడిగే చేతుల గురించి ఈసారి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది. పదిహేనేళ్ళుగా వైద్యం చేస్తున్నాను. అయినా ఈ సంగతి నాకు ఆసుపత్రిలో కాదు, మా వంటింట్లో తెలిసొచ్చింది.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గరుంది. మనలో చాలామంది ఇళ్ళల్లోలాగే మా ఇంట్లోనూ డిష్ వాషరంటే గిన్నెలు ఆరబెట్టుకునే అలమర. అమ్మకైతే దానిమీద బొత్తిగా నమ్మకం లేదు. "మనిషి చెయ్యి పడకుండా జిడ్డెట్లా పోతుందిరా?" అంటూ మేం పనుల్లోకి వెళ్ళీ వెళ్ళకముందే సింకు దగ్గర నిలబడేది. పొగలు కక్కే వేడినీళ్ళు, నిమ్మకాయ వాసన వేసే గిన్నెల సబ్బు, ఆ తరవాత వంటగట్టు తుడవడానికి క్రిముల్ని చంపే తడి కాగితాలు. అన్నీ ఉత్త చేతులతోనే. పోనీలే, అమ్మకి కాలక్షేపం అనుకున్నాం.

రెండు నెలలు గడిచాక ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మ చెంచా అడిగింది. డెబ్భయ్యేళ్ళలో అన్నం చెంచాతో తిన్న మనిషి కాదు. "అప్పుడే అమెరికా నీళ్ళు వంటబట్టాయే!" అని నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. వేళ్ళ సందుల్లో, ఉంగరం కింద చర్మం ఎర్రబడి పగిలి ఉంది. ఆవకాయ కలిపితే ఆ పగుళ్ళలో కారం పడి మండుతోంది. "రోజంతా రోగుల్ని చూసొస్తావు, మళ్ళీ నా గోలెందుకని చెప్పలేదు నాయనా" అంది అమ్మ. ఆ మాట నన్నిప్పటికీ గుచ్చుతుంది.

అదేం వింత జబ్బు కాదు. మన చర్మం పైపొరకి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బుకి అది 9 నుంచి 10 దాకా ఉంటుంది. గిన్నెల సబ్బులన్నీ అంత ఘాటుగా ఉండవుగాని, జిడ్డు వదలగొట్టే ఏ మందుకైనా గిన్నె జిడ్డేదో, చర్మంలోని నూనేదో తేడా తెలియదు. వేడినీళ్ళు తోడైతే ఆ నూనె ఇంకా త్వరగా పోతుంది. ఉంగరం కింద, గాజుల కింద సబ్బు చిక్కుకుని ఉండిపోతుంది. అలా కాపలా పోయిన చర్మంలోకి సువాసన ద్రవ్యాలు, సరుకు పాడవకుండా కలిపే రసాయనాలు సులువుగా దిగుతాయి. వీటిలో మిథైల్ ఐసోథయజోలినోన్ అనేదాన్ని అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో ఆ యేటి ముఖ్యమైన ఎలర్జీ కారకంగా ఎంచింది. ఒంటికి రాసుకుని కడిగెయ్యని క్రీముల్లో దాని వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి ఆపేసింది. ఇల్లు శుభ్రం చేసే సరుకుల్లో మాత్రం అది ఇంకా కనిపిస్తూనే ఉంది.

నన్నడిగితే అసలు చిక్కు సబ్బులో కన్నా మన ముక్కులో ఉంది. ఘుమఘుమలాడితేనే ఇల్లు శుభ్రమైనట్టు మనకో నమ్మకం. ఆ వాసన ఒక్క మరకనీ వదలగొట్టదు, ఒక్క క్రిమినీ చంపదు. కొనేటప్పుడు చెయ్యవలసిన మొదటి పని సువాసన లేనిది ఏరుకోవడం. ఇక్కడొక కిటుకుంది. సీసా మీద 'అన్‌సెంటెడ్' అని ఉంటే సరిపోదు, అసలు వాసనను కప్పెట్టడానికి మరో సువాసన కలిపి ఉండవచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్న మాట కోసం వెతకండి. 'హైపోఎలర్జెనిక్' అన్న మాటకి ఈ దేశపు చట్టంలో నిర్వచనమే లేదు. అంచేత ముందువైపు బొమ్మ చూసి కాక, వెనకవైపు చిన్న అక్షరాలు చదివి కొనాలి. శుభ్రపరిచే సరుకుల్లో ఏమేం కలిపారో చెప్పితీరాలని కాలిఫోర్నియా 2017లో చట్టం చేసింది. అడగడం మన హక్కు.

"ఇవన్నీ ఎందుకు, ప్రకృతిసిద్ధమైనవి వాడితే పోలా?" అంటారు కొందరు. చిన్నప్పుడు కుంకుడుకాయ రసం కళ్ళల్లో పడ్డవాళ్ళెవరూ ఆ మాట అనరు! నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమొనీన్ గాలి తగిలాక మారిపోయి ఎలర్జీ తెప్పించగలదు. ఇంకొందరు "మా అమ్మమ్మ బూడిదతో తోమింది, ఏమైంది?" అంటారు. అమ్మమ్మ చేతులు గరుకుగానే ఉండేవి. మనమే పట్టించుకోలేదు.

మా ఇంట్లో సీసాలు పన్నెండు నుంచి నాలుగుకి తగ్గాయి. డిష్ వాషరు పనిలోకి దిగింది. చేత్తో తోమక తప్పనివాటికి గోరువెచ్చని నీళ్ళు, లోపల పలచటి నూలు తొడుగు, పైన వినైల్ గ్లవ్స్. బట్టల సబ్బు కొలిచి వేస్తున్నాం, నీళ్ళతో ఒకసారి ఎక్కువ జాడిస్తున్నాం, డ్రయరులో వేసే సువాసన కాగితాలు మానేశాం. పని అయ్యాక ఉంగరం తీసి, చేతులు తుడుచుకుని, పెట్రోలియం జెల్లీ రాసుకోవడం అమ్మకి అలవాటైంది. బ్లీచిలో వినిగరుగాని, అమ్మోనియా ఉన్న సరుకుగాని ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఇంత చేసినా కొద్ది వారాల్లో తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికెళ్ళి పాచ్ టెస్టు సంగతి అడగండి. అమ్మకి నెల రోజులు పట్టింది. మళ్ళీ చేత్తో ఆవకాయ కలిపి మా పిల్లలకి ముద్దలు పెట్టింది.

చివరగా మన సంఘానికి ఒక మనవి. పండగ భోజనాలయ్యాక హాలు వెనక వంటగదిలో గుండిగలు తోమే చేతులు ఏటా అవే. ఈ ఉగాదికి అక్కడ సువాసన లేని సబ్బు ఒక సీసా, గ్లవ్స్ నాలుగు జతలు పెట్టిద్దాం. ఒక జత మగవాళ్ళకి సరిపోయే సైజుది ఉండాలి. దాన్ని మొదట నేనే తొడుక్కుంటాను.