మా ఇల్లూ, అలన్ గారి హోటలూ

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా వారు మిక్సీ విప్పారు. అది పాడైపోయి కాదు, బాగానే తిరుగుతోంది. "శబ్దం కాస్త తేడాగా ఉంది, చూస్తాను" అంటూ హాల్లో పేపరు పరిచి, స్క్రూలన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నారు. అప్పుడే చట్నీకి పల్లీలు వేయించి పెట్టుకున్నానేమో, నాకు ఒళ్ళు మండింది. "పనీపాటా లేకపోతే ఇలాగే ఉంటుంది" అనేశాను. ఆయన మాట్లాడకుండా అన్నీ మళ్ళీ బిగించేసి బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నారు. ఆయన రిటైరై అప్పటికి ఐదు నెలలు.

ఆ రాత్రి మా అమ్మాయి, "అమ్మా, నువ్వు కాస్త నవ్వాలి" అని ఒక పాత బ్రిటిష్ సీరియల్ పెట్టింది. పేరు 'ఐయామ్ అలన్ పార్ట్రిడ్జ్'. 1997లో బీబీసీలో వచ్చింది. అలన్‌గా వేసినాయన స్టీవ్ కూగన్. ఈ అలన్ ఒకప్పుడు టీవీలో టాక్ షో నడిపిన మనిషి. ఆ వైభవం పోయింది, భార్యా వదిలేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు నారిచ్ అనే ఊళ్ళో తెల్లవారకముందే వచ్చే రేడియో ప్రోగ్రాం చేసుకుంటూ, రోడ్డు పక్క హోటల్లో కాపురం. ఎదుటివాళ్ళు ఇబ్బందిపడుతున్నారని తెలియకుండా గొప్పలు చెప్పుకుంటూనే ఉంటాడు.

మేం చూసింది 'బేసిక్ అలన్' అనే ఎపిసోడ్. అందులో పెద్ద కథేం లేదు. అలన్‌కి తోచదు, అంతే. తోచక గదిలోని ప్యాంట్లు ఇస్త్రీ చేసే మెషిన్‌ని విప్పేస్తాడు. కార్ల రోడ్డు పక్కనే నడుచుకుంటూ పెట్రోల్ బంకుకి వెళ్ళి, కారు అద్దాలు కడిగే లిక్విడ్ డజను సీసాలు కొంటాడు. మా అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. నాకు మాత్రం ఆ మెషిన్ దగ్గరే నవ్వు ఆగిపోయింది. పొద్దుటి మిక్సీ కళ్ళముందు కదిలింది.

అలన్ తిక్కమనిషి కాబట్టి ఒంటరివాడయ్యాడని అందరూ అంటారు. కావచ్చు. కానీ నాకు ఇంకోటి కనిపించింది. ఆయన ఉంటున్నది హోటల్. పక్క ఎవరో సర్దుతారు, టిఫిను ఎవరో పెడతారు. బయటి పనులకి లిన్ అనే అసిస్టెంటు ఉంది. ఎన్ని చీదరింపులు భరించి అయినా అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఆయన చేతికి మిగిలిన పనల్లా మైకు ముందు మాట్లాడడం. మైకు ఆగిపోయాక ఆ గదిలో ఆయనకంటూ ఏముంది?

ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను మా ఇంటినీ అలాంటి హోటల్‌గానే నడిపాను. కాఫీ చేతికిచ్చాను, ఇస్త్రీ బట్టలు మంచం మీద పెట్టాను. ఆయన ఎప్పుడైనా వంటింట్లోకి వస్తే "మీకెందుకండీ, పాడుచేస్తారు" అని పంపేశాను. ఆయనకీ అది సుఖంగానే ఉంది, ఒక్కనాడూ 'నేనూ చేస్తాను' అని పట్టుబట్టలేదు. తప్పు ఇద్దరిదీ. నేను లిన్‌నయ్యాను, ఆయన గెస్టు అయ్యారు. ఇప్పుడు ఆఫీసు లేదు. గెస్టుకి చెయ్యడానికేముంటుంది, మిక్సీ విప్పడం తప్ప!

రిటైరైన మగవాళ్ళు ఇంట్లో విసిగిస్తారని మనం జోకులు వేసుకుంటాం. నేనూ వేశాను. కానీ ఇంట్లో ఒక్క పనైనా తనదంటూ లేని మనిషికి అది ఇల్లెలా అవుతుంది? "కాస్త సాయం చెయ్యండి" అంటే చాలదు. సాయం చేసేవాడూ చుట్టమే. ఒక పని పూర్తిగా అప్పజెప్పాలి, తర్వాత మనం నోరు మూసుకోవాలి. ఆ రెండోదే కష్టం.

మర్నాటి నుంచి మా ఇంట్లో పొద్దుటి చట్నీ ఆయనది. మొదటిరోజు ఉప్పు ఎక్కువైంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగి, ఇంకో ఇడ్లీ వేసుకున్నాను.