గ్యాస్ అని సరిపెట్టుకోకండి!

భోజనమైన గంటకో, నడిరాత్రిలోనో బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద నొప్పి మొదలవుతుంది. ఇక ఇంట్లో అందరూ వైద్యులే! ఒకరు వాము నమలమంటారు. ఒకరు సోడా తాగమంటారు. మరొకరు మందుల షాపుకు పరుగెత్తి బిళ్ల తెస్తారు. "గ్యాస్ పట్టేసింది, ఒక తేన్పు వస్తే పోతుంది" అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. అందుకే ఆ మాట మీద మనకంత నమ్మకం.

కాని గ్యాస్ అన్నది జబ్బు పేరు కాదు. కడుపు పైభాగంలో అన్నకోశం, ఆంత్రమూలం, కాలేయం, పిత్తాశయం, క్లోమం పక్కపక్కనే సర్దుకుని ఉన్నాయి. వాటికి పైన, ఒక పలచని కండరపు పొరకు అవతల గుండె ఉంది. వీటిలో దేనికి కష్టం వచ్చినా నొప్పి ఇంచుమించు అక్కడే తెలియవచ్చు. అంచేత నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎలా వస్తున్నదో మీరు గమనించి చెప్పగలిగితే డాక్టరు పని చాలావరకు సులువవుతుంది.

ముందుగా గుండె సంగతి

గుండెపోటు నొప్పి ఎప్పుడూ ఎడమవైపు ఛాతీలోనే రావాలని లేదు. గుండె కింది గోడకు రక్తం అందనప్పుడు కడుపు పైభాగంలో బరువుగా, పట్టేసినట్టుగా ఉండవచ్చు. వికారం, వాంతి, తేన్పులు కూడా ఉంటాయి. అచ్చం అజీర్తిలాగే! దానితో పాటు చల్లని చెమటలు, ఆయాసం, దవడకో భుజానికో పాకే నొప్పి ఉన్నా, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గుతున్నా గుండెనే అనుమానించాలి. మధుమేహం ఉన్నవారిలోను, స్త్రీలలోను, వృద్ధులలోను నొప్పి స్వల్పంగా ఉండి మోసం చేయవచ్చు.

"తెల్లవారేదాకా చూద్దాం" అని సోడా తాగి పడుకునే ఆ గంటల్లోనే గుండె కండరం దెబ్బతింటుంది. 108కు ఫోన్ చేయండి. ఇసిజి తీసే ఆస్పత్రికి వెళ్ళండి. మొదటి ఇసిజి బాగానే ఉన్నా డాక్టరు మళ్ళీ తీయాలన్నా, రక్తపరీక్ష చేయాలన్నా విసుక్కోకండి. చివరకు గ్యాసే అని తేలిందా, నవ్వుకుంటూ ఇంటికి రండి. నష్టమేమీ లేదు.

అల్సరు

నడిమధ్యన మంట, కొరికినట్టు నొప్పి అల్సరు లక్షణం. ఆంత్రమూలంలో పుండు ఉంటే ఆకలివేళ, అర్ధరాత్రి నొప్పి వచ్చి, నాలుగు ముద్దలు తింటే తగ్గుతుంది. అన్నకోశంలో ఉంటే తిన్నాక ఎక్కువ కావచ్చు. అయితే ఈ తేడా ప్రతివారిలోను కనిపించదు.

కారం, పులుపు, దిగులు వల్లనే పుండ్లు పడతాయని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని గుర్తించారు. దాని శక్తి నిరూపించడానికి మార్షల్ 1984లో ఆ క్రిముల్ని తానే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు! 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి పాపం ఆవకాయది కాదు. ఉన్న మంటను అది రేపవచ్చు, అంతే.

రెండో ముఖ్య కారణం నొప్పి బిళ్లలు. మోకాళ్ళకని, తలనొప్పికని డాక్టరును అడగకుండా నెలల తరబడి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మింగేవారు కడుపులో చేజేతులా పుండు చేసుకుంటున్నారు. అలాగని గుండెకోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు మానకండి. అడిగి చేయండి.

క్రిమి ఉన్నదీ లేనిదీ ఊపిరి పరీక్షతో గాని, మలపరీక్షతో గాని, ఎండోస్కోపీతో గాని తెలుస్తుంది. ఉంటే ఆమ్లం తగ్గించే మందుతో పాటు యాంటిబయాటిక్స్ ఇస్తారు. సాధారణంగా 14 రోజులు. నొప్పి తగ్గిందని ఐదో రోజున మానేస్తే క్రిమి మొండికేస్తుంది. ఒమెప్రజోల్ వంటి బిళ్లలు టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. గ్లాసుడు పాలు తాగితే కాసేపు హాయిగా ఉన్నా, తరువాత ఆమ్లం మరింత ఊరుతుంది.

పడుకున్నా, వంగినా ఛాతీలోకి ఎగదన్నే మంట, పులితేన్పులు మరో రకం. వీరు రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందే ముగించాలి. తలవైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టాలి. బరువు, పొగాకు తగ్గించాలి.

పిత్తాశయం, క్లోమం

పెళ్ళిభోజనమో, నేతి వంటకమో తిన్న తరువాత కుడి డొక్క పైన నొప్పి పట్టి, కుడి భుజం వెనక్కు పాకి, కొన్ని గంటలపాటు ఉంటే పిత్తాశయంలో రాళ్ళేమో చూడాలి. అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. బాధపెట్టే రాళ్ళకు ఆపరేషనే సరైన వైద్యం. ఏ బాధా లేక, పరీక్షలో అనుకోకుండా కనిపించిన రాళ్ళకు సాధారణంగా కత్తి అక్కరలేదు.

నొప్పి భరించరానంతగా వీపులోకి దూసుకుపోయి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఊరటగా ఉంటే అది క్లోమం వాపు కావచ్చు. దీనికి ముఖ్య కారణాలు రెండు: పిత్తాశయపు రాళ్ళు, సారాయి. ఇది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు. ఆస్పత్రిలో చేరవలసిందే.

ఆలస్యం చేయకూడనివి

కత్తితో పొడిచినట్టు హఠాత్తుగా నొప్పి వచ్చి కడుపు చెక్కలా బిగుసుకుపోవడం, రక్తపు వాంతి, తారులా నల్లని విరేచనం, నొప్పితో పాటు చలిజ్వరం, కళ్ళు పచ్చబడడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. బరువు తగ్గుతున్నా, మింగుడు పడకున్నా, రక్తహీనత ఉన్నా, 50 దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా ఆ వారంలోనే డాక్టరును కలవండి.

అన్ని పరీక్షలు బాగున్నా కొందరికి నొప్పి ఉంటుంది. అది నటన కాదు. వేళకు మితమైన భోజనం, చాలినంత నిద్ర, డాక్టరు మందులు వారికి మేలు చేస్తాయి.

వాము నమలండి, తప్పులేదు. కాని రెండు వారాలైనా నొప్పి తిరిగి తిరిగి వస్తుంటే వాము డబ్బా మూసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.