ద్రాక్షతోటలో పోసే మందు

షిరిడీ యాత్రకు వెళ్ళివచ్చే తెలుగు కుటుంబాల కార్యక్రమంలో కొంతకాలంగా ఒక కొత్త మజిలీ చేరింది. సాయి దర్శనం, శనిశింగణాపూర్, త్ర్యంబకేశ్వరం, పంచవటి అనే వరుసలోనే నాసిక్ చుట్టుప్రక్కల ఉన్న ఏదో ఒక ద్రాక్షతోట, దానికి ఆనుకుని ఉన్న వైన్ తయారీశాల. పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక, పెద్దలు కూర్చోవడానికి చెట్టునీడ, వీటితోపాటు బల్లమీద వరుసగా పేర్చిన గ్లాసులలో అయిదారు రకాల వైన్. "అది తాగుడు కాదండీ, ఊరికే రుచి చూడటం" అంటారు వెళ్ళివచ్చినవారు. ఇంకొందరు మరొక అడుగు ముందుకు వేసి, "మన ద్రాక్షారిష్టం వంటిదే, గుండెకు మంచిదట" అంటారు. మొదటి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. రెండవ మాటను గురించియే ఈ వ్యాసం.

మన భాషలో ఒక చిత్రం ఉన్నది. జబ్బు తగ్గించే ఔషధమూ 'మందే', సారా దుకాణంలో దొరికేదీ 'మందే'. వాడుకలో కలిసిపోయిన ఈ రెండు అర్థాలు మనిషి ఆలోచనలోనూ కలిసిపోతే ప్రమాదం. మా తాతగారు ఆయుర్వేద వైద్యులు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం ఇంట్లోనే సిద్ధం చేసేవారు. ద్రాక్ష కషాయం కాచి, బెల్లం కరిగించి, పులియడానికి ధాతకీ పుష్పాలు వేసి, జాడీ మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి, నెల రోజులపాటు ధాన్యరాశిలో పాతిపెట్టేవారు. జాడీ తెరచిన రోజున ఇల్లంతా నిండే ఆ వాసన నాకు నేటికీ జ్ఞాపకమే. కనుక పులిసిన ద్రాక్ష అంటే నాకు అసహ్యమూ లేదు, భయమూ లేదు. అరిష్టాలలోనూ సారం ఉంటుందన్న సంగతిని దాచిపెట్టి, వైన్‌ను మాత్రం నిందించే కపటమూ నాకు ఇష్టం లేదు.

నాసిక్ తోటల అందాన్ని కాదనడం కష్టం. త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరిపై పుట్టిన గోదావరి, గంగాపూర్ ఆనకట్ట వెనుక నిండుగా నిలిచి ఉంటుంది. రాజమండ్రి వంతెనపై నుంచి చూచిన మన గోదావరిని అక్కడ అంత పసితనంలో చూడటమే ఒక అనుభూతి. ఆ నీటికి చేరువలో, కొండల నడుమ, తీగల వరుసలు. తినే ద్రాక్షకు నాసిక్ ఏనాటినుంచో ప్రసిద్ధి. వైన్ కోసం ప్రత్యేకమైన జాతులు వేయడం మాత్రం ఇటీవలి ముచ్చటే. అమెరికాలో చదివి తిరిగివచ్చిన రాజీవ్ సామంత్ 1997లో సూలా తోటలో ఫ్రాన్సు దేశపు జాతులైన సావిన్యో బ్లాంక్, షెనిన్ బ్లాంక్ నాటించి, 2000లో తొలి వైన్ విడుదల చేశారు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష నుంచి వైన్ తయారు చేసే పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించిన తరువాత చిన్నా పెద్దా తయారీశాలలు అనేకం వెలిశాయి. బెంగుళూరులో స్థిరపడిన మనవారికి నంది కొండల దగ్గర 1988 నాటి గ్రోవర్ తోటలు ఇంకా దగ్గర. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు పచ్చగా ఉండేవి. వాటి స్థానంలో ఇళ్ళు లేచిన తరువాత మన పిల్లలకు తీగమీద ద్రాక్షగుత్తి చూపించాలంటే ఇంత దూరం పోవలసి వస్తున్నది.

రుచి చూపించే పద్ధతిలోనూ ఒక శాస్త్రం ఉన్నది. ముందుగా గ్లాసును వెలుగుకు ఎత్తి రంగు చూడమంటారు. తరువాత కాడ పట్టుకుని మెల్లగా త్రిప్పి వాసన చూడమంటారు. ఆపైన ఒక చిన్న గుక్క నాలుకంతా తిరిగేలా పుక్కిట పట్టమంటారు. తెల్ల వైన్‌లో పులుపు ముందు తగులుతుంది. ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కనుక చివర వగరు నిలుస్తుంది. షడ్రసాలను పేరుపేరునా గుర్తించే సంప్రదాయంలో పెరిగిన మనకు ఇది కొత్త విద్య కానేకాదు. అయితే ఇందులో ఆఖరి మెట్టు ఒకటి ఉన్నది. వృత్తిగా రుచి చూచేవారు ఆ గుక్కను మ్రింగరు, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేస్తారు. రోజుకు పదుల రకాలు చూడవలసినవారు మ్రింగితే పని సాగదు. మనవారికి నలుగురిలో ఉమ్మివేయడం మర్యాద కాదు, పైగా డబ్బు ఇచ్చి కొన్నదాన్ని పారబోయడానికి చేయి రాదు. అందుచేత ఆ పాత్ర ఖాళీగానే ఉండిపోతుంది. గ్లాసులు మాత్రం ఖాళీ అవుతాయి.

మా అక్కయ్యవాళ్ళతో కలిసి కొన్నేళ్ళ క్రిందట అటువంటి ఒక చిన్న తోటకు వెళ్ళాము. పేరు అనవసరం, వారి తప్పేమీ లేదు. బావగారికి అప్పటికి అరవై దాటాయి, మధుమేహం పన్నెండేళ్ళుగా ఉన్నది. ఆ ఉదయం త్ర్యంబకేశ్వరుని దర్శనం అయ్యేవరకు ఏమీ తిననన్నారు. మాత్ర మాత్రం అలవాటు చొప్పున వేసుకున్నారు. దర్శనం వరుసలో ఆలస్యమై, తోటకు చేరేసరికి పన్నెండు దాటింది. అక్కయ్య పులిహోర, దద్దోజనం డబ్బాలు ఇంకా విప్పనేలేదు. "ముందు ఈ సంగతి చూద్దాం రండి" అంటూ బావగారు బల్ల దగ్గరకు నడిచారు.

"ఏమోయ్, మీ తాతగారు ఇచ్చే ద్రాక్షారిష్టం దీనికంటే తియ్యగా ఉండేది కదూ?" అన్నారు రెండవ గ్లాసు దగ్గర. నేనూ నవ్వి ఊరుకున్నాను. అయిదు గ్లాసులు పూర్తయ్యాయి. పావుగంట తరువాత పచ్చికలో కూర్చున్న ఆయన మాట తడబడింది, నుదుట చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ప్రక్కనున్నవారు నవ్వారు. "కొత్త కదా, ఎక్కేసినట్లుంది" అన్నారు ఎవరో. నిజం చెప్పాలంటే నాకూ అలాగే తోచింది. మా మేనకోడలు మాత్రం నవ్వలేదు. సంచిలోని యంత్రం తీసి ఆయన వేలినుంచి రక్తపుబొట్టు పరీక్షించింది. చక్కెర 48 ఉన్నది. స్పృహ ఉండబట్టి సరిపోయింది, వెంటనే పంచదార కలిపిన పండ్లరసం త్రాగించాము. కాస్త తేరుకోగానే నాసిక్‌లో ఆసుపత్రికి తీసుకుపోయి, రాత్రంతా అక్కడే ఉంచాము.

దీనికి కారణాన్ని వైద్యులు తేలికగా వివరించారు. కడుపు ఖాళీగా ఉన్నపుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసి అందిస్తుంది. సారం కడుపులో పడగానే కాలేయం దాన్ని విరగగొట్టే పనిలో పడి ఈ పనిని వెనుకకు నెడుతుంది. బావగారు వాడే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు మరొక ప్రక్క ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఈ మాత్రల ప్రభావం గంటలకొద్దీ ఉంటుంది కనుక ఒకసారి పైకి వచ్చిన చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందుకే ఆసుపత్రి. అన్నిటికంటే భయంకరమైనది ఏమంటే, చక్కెర పడిపోయిన మనిషీ, త్రాగి తూలే మనిషీ చూపరులకు ఒకే తీరుగా కనిపిస్తారు. మేనకోడలు లేకపోతే మేము నవ్వుతూనే ఉండేవాళ్ళమేమో.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను ఒక చిన్న లెక్క వేశాను. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల చొప్పున అయిదు గ్లాసులంటే 150 మిల్లీలీటర్లు. వైన్‌లో సారం నూటికి సుమారు 13 వంతులు. అంటే ఆ 'ఊరికే రుచి'లో దాదాపు 15 గ్రాముల సారం ఉన్నది. మా తాతగారు భోజనం తరువాత, సమానంగా నీళ్ళు కలిపి ఇచ్చే అరిష్టం మోతాదు 15 మిల్లీలీటర్లు. ఆసవారిష్టాలలో సారం సాధారణంగా నూటికి 5 నుంచి 10 వంతుల మధ్య ఉంటుంది. మోతాదులో చూస్తే గ్రాము అటూ ఇటూ. ఒకటి గ్రాము, ఒకటి పదిహేను గ్రాములు. ఒకటి నిండు కడుపున, ఒకటి ఖాళీ కడుపున. ఒకటి రోగిని చూచి వైద్యుడు నిర్ణయించినది, ఒకటి టిక్కెట్టుతో వచ్చినది. రెండింటికీ పోలిక ద్రాక్ష ఒక్కటే. ఆ గ్రాము కూడ కాలేయ వ్యాధి ఉన్నవారికి, గర్భిణులకు పనికిరాదు. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగకుండ అరిష్టాన్ని కూడ ముట్టరాదు, అందులో బెల్లం కూడ ఉంటుంది.

మన గ్రంథాలు మద్యాన్ని పొగిడాయని వాదించేవారు ఉన్నారు. పొగిడిన మాట నిజమే. చరకుడు ఎనుబది నాలుగు విధాల ఆసవాలను పేర్కొన్నాడు. యుక్తితో సేవిస్తే అమృతసమానమని, యుక్తి తప్పితే రోగకారణమని కూడ చెప్పాడు. ఈ రెండవ భాగాన్ని చాలామంది వదలివేస్తారు. మదాత్యయమనే పేరుతో ఒక అధ్యాయమంతా దాని దుష్ఫలితాలకూ చికిత్సకూ కేటాయించినవాడు ఆయనే. ఓజస్సుకు పది గుణాలుంటే, మద్యానికి సరిగ్గా వాటికి విరుద్ధమైన పది గుణాలున్నాయని లెక్కగట్టి చూపాడు. గ్రీష్మంలో మద్యం వద్దనీ, తప్పనిసరి అయితే కొద్దిగా, నీరు బాగా కలిపి తీసుకోవాలనీ ఋతుచర్యలో ఉన్నది. ఇక వాగ్భటుడు సుర, పులగం, పాయసం ఒకేసారి పుచ్చుకొనరాదని విరుద్ధాహారాలలో చేర్చాడు. మన వనభోజనాల డబ్బాలలో పరమాన్నం లేకుండ ఉంటుందా?

గుండెకు మంచిదన్న మాట ఆయుర్వేదం నుంచి వచ్చినది కాదు. కొవ్వు ఎక్కువగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువగా ఉండటానికి ఎర్ర వైన్ కారణం కావచ్చుననే వాదం 1991లో అమెరికా టెలివిజన్ ద్వారా లోకమంతా పాకింది. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థానికి ఆ కీర్తి దక్కింది. కాని లీటరు వైన్‌లో అది సాధారణంగా కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. ఆ వాదానికి ఆధారమైన లెక్కలలో మరొక లోపం కూడ తరువాత బయటపడింది. 'త్రాగనివారు' అన్న జాబితాలో జబ్బుచేసి మానివేసినవారు కూడ కలిసి ఉండటంతో, కొద్దిగా త్రాగేవారు వారికంటే ఆరోగ్యవంతులుగా కనిపించారు. మద్యం కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి హాని లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

అయితే తోటకు వెళ్ళవద్దా అని పాఠకులు అడగవచ్చు. తప్పక వెళ్ళండి. పంట జనవరి నుంచి మార్చి వరకు ఉంటుంది, తీగల నిండా గుత్తులు చూడాలంటే అదే సమయం. ఉదయం పూట వెళ్ళి, తీగలు కత్తిరించే విధానం, పులియబెట్టే స్టీలు పీపాలు, ఓక్ కొయ్య పీపాల గది పిల్లలకు చూపించండి. సూక్ష్మజీవులు చక్కెరను ఎలా మారుస్తాయో పాఠ్యపుస్తకం కంటే అక్కడ బాగా బోధపడుతుంది. డబ్బాలు ముందు విప్పండి, బల్ల సంగతి తరువాత. రుచి చూడాలనుకున్న పెద్దలు ఆ పాత్రను సిగ్గుపడక వాడుకొనవచ్చు, అది అందుకే ఉన్నది. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవారు, కాలేయ రోగులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాసనతో ఆపివేయాలి. కారు నడిపేవారూ అంతే. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల సారం దాటితే నేరం. ఉమ్మివేసినా నోటిలో కొంత మిగులుతుంది.

తోట దగ్గర కొన్న పండ్లను ఇంటికి తెచ్చి ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి, రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి. పండ్లలో శ్రేష్ఠమైనది ద్రాక్ష అని చరకుడు పేర్కొన్నది వైన్‌ను గురించి కాదు, ఆ పండును గురించే. వేసవి తాపానికి మా ఇంట్లో చేసే పానకం ఒకటి ఉన్నది. గుప్పెడు నల్ల ఎండుద్రాక్షను రాత్రి నానవేసి, ఉదయం చేతితో మెదిపి వడగట్టి, చిటికెడు సైంధవలవణం, కొంచెం వేయించిన జీలకర్రపొడి, రెండు ఏలకులు కలపాలి. మలబద్ధం ఉన్న పిల్లలకు ఆ నానిన ద్రాక్షనే పది పన్నెండు, నీళ్ళతో సహా తినిపిస్తే చాలు. మధుమేహం ఉన్నవారికి మాత్రం ఈ పానకం కూడ వద్దు, ఎండుద్రాక్షలో చక్కెర మెండు.

కిందటి మాఘంలో మళ్ళీ అదే దారిన వెళ్ళాము. బావగారు ఈసారి త్ర్యంబకంలో దర్శనానికి ముందే రెండు ఇడ్లీలు తిన్నారు. దేవుడు ఏమీ అనుకోడని అక్కయ్య తేల్చి చెప్పింది. తోటలో పులిహోర అయిన తరువాత ఆయన బల్ల దగ్గరకు వెళ్ళి, గ్లాసు కాడ పట్టుకుని త్రిప్పి, చాలాసేపు వాసన చూశారు. "జామపండు వాసన వస్తున్నదోయ్" అని నా చేతికి అందించి, నల్ల ద్రాక్షనుంచి తెల్ల వైన్ ఎలా వస్తుందని అక్కడి కుర్రవాడిని ప్రశ్నలతో పట్టుకున్నారు. తొక్కలు తీసివేసి రసాన్ని మాత్రమే పులియబెడతారట.